కొత్త ఇంజను ఆయిల్ తాగుతోందా? మరబోటు యజమానుల ప్రశ్నలు, జవాబులు

మన తీరంలో ఇంజన్ల మార్పిడి చాలావరకు వేట నిషేధం రోజుల్లోనే, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపే జరుగుతుంది. తర్వాత మొదటి రెండు వేటలు పూర్తయ్యేసరికి ఉత్తరాలు మొదలవుతాయి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఇంజనాయిల్ గురించే కాబట్టి ఈ పేజీలు దానికే కేటాయించాం.

ప్రశ్న: పాత ఇంజను తీసి ఆరు సిలిండర్ల కొత్త టర్బో ఇంజను బిగించాం. పది రోజుల వేటకు 1,900 లీటర్ల డీజిల్ అయింది, మధ్యమధ్యలో 26 లీటర్ల ఆయిల్ పోయాల్సి వచ్చింది. పొగ పెద్దగా లేదు. పిస్టను రింగులు సిలిండరు గోడకు అరిగి కుదురుకునేదాకా ఇంతేనని మెకానిక్ అంటున్నాడు. ఇంజనులోనే లోపం ఉందని బోటు నడిపే సరంగు అంటున్నాడు. ఎవరి మాట నిజం? (విశాఖపట్నం)

ముందు లెక్క చూద్దాం. పోసిన ఆయిల్‌ను కాలిన డీజిల్‌తో భాగించి వందతో హెచ్చవేయండి. మీది 1.37 శాతం. రోజుకిన్ని లీటర్లు అనే కొలత పనికిరాదు. ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో, ఎంత లోడు లాగిందో అందులో తెలియదు. డీజిల్ లెక్కలో ఆ రెండూ ఉంటాయి. రింగులు కుదిరిన ఇంజనుకు 0.3 నుంచి 0.5 శాతం మామూలు. మీ వేటకైతే ఆరు నుంచి తొమ్మిదిన్నర లీటర్లు. మొదటి 100 గంటల్లో 1 శాతం దాకా పోయినా కంగారుపడం. కంపెనీ ఒప్పుకునే హద్దు మీ ఇంజను పుస్తకంలో ఉంటుంది, వారంటీ పేచీ వస్తే నిలిచేది అదే.

కాబట్టి మీది ఎక్కువే. కానీ మీరే రాసిన ఒక మాట గమనించండి: పొగ లేదని. రోజుకు రెండున్నర లీటర్ల ఆయిల్ సిలిండర్లలో కాలుతుంటే ఎగ్జాస్టులో నీలం పొగ కనబడాలి. లేదంటే అది కాలడం లేదు, వేరే దారిన పోతోంది. కొత్తగా బిగించిన ఇంజన్లలో మేం మొదట అనుమానించేది రింగుల్ని కాదు, ఆయిల్ మట్టం చూసే కడ్డీని, అంటే డిప్‌స్టిక్‌ను.

ఫ్యాక్టరీలో సాధారణంగా డిప్‌స్టిక్ మీద గీతలు గీసేది ఇంజను సమతలంగా కూర్చున్నప్పటి మట్టానికి. బోటులో షాఫ్టు వాలును బట్టి ఇంజను గేరుబాక్సు వైపు కిందికి వాలి కూర్చుంటుంది. 8 డిగ్రీల వాలు అనుకోండి. డిప్‌స్టిక్ అనేది, ఇంజను అడుగున ఆయిల్ నిలిచే ఛాంబరు నడిమధ్య నుంచి 25 సెంటీమీటర్లు ముందుకు ఉంటే, ఆయిల్ వెనక్కి చేరడం వల్ల ఆ చోట మట్టం సుమారు 35 మిల్లీమీటర్లు తగ్గి కనబడుతుంది. చాలా ఇంజన్లలో పై గీతకూ కింది గీతకూ మధ్య దూరమే 20 నుంచి 30 మిల్లీమీటర్లు. అంటే ఛాంబరులో ఆయిల్ నిండుగా ఉన్నా డిప్‌స్టిక్ ఖాళీ అనే చూపిస్తుంది. సరంగు పోస్తాడు. పోసినది క్రాంకు అంచులకు తగిలి నురగ కడుతుంది, వేడెక్కుతుంది, ఆవిరిలా బ్రీదర్ (ఇంజను లోపలి ఆవిరి బయటికి వదిలే గొట్టం) నుంచి బయటికి పోతుంది. రేపు పొద్దున డిప్‌స్టిక్ మళ్లీ ఖాళీ, మళ్లీ పోత. డిప్‌స్టిక్ గేరుబాక్సు వైపు ఉంటే దీనికి పూర్తిగా తలకిందులు: లేని ఆయిల్ ఉన్నట్టు చూపిస్తుంది. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఎవరూ పోయరు.

అతిగా పోయడమే కారణమైతే ఒక గుర్తు ఉంటుంది. పోసిన వెంటనే మొదటి రెండు మూడు లీటర్లు గబగబా పోతాయి, తర్వాత ఒక మట్టం దగ్గర ఆగుతుంది. రింగులు తాగే ఆయిల్ అలా ఆగదు, గంటగంటకూ ఒకే లెక్కన తగ్గుతుంది. బ్రీదర్ గొట్టం కొసన తడి, ఇంజను గది గోడల మీద జిడ్డు, ఆయిల్ ప్రెషర్ ముల్లు ఊగిసలాట కనబడితే అనుమానం ఇంకా బలపడుతుంది.

డిప్‌స్టిక్ మీద గీతలు కొత్తగా వేయించండి. పని ఒక పూట. బోటు నీటిలోనే ఉండాలి, ట్యాంకుల్లో సగం డీజిల్, మామూలుగా తీసుకెళ్లే ఐసులో సగం ఉండాలి. వెనక భాగం 2 డిగ్రీలు ఎక్కువ కుంగినా డిప్‌స్టిక్ మీద 9 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. వేడి మీద ఆయిల్ మొత్తం తీసేయండి. ఇక్కడ కూడా ఒక పొరపాటు జరుగుతుంది. బోటులో ఛాంబరు కింది ప్లగ్గు చేతికి అందదు కాబట్టి డిప్‌స్టిక్ గొట్టంలోంచి చేతిపంపుతో లాగుతారు. వాలు వల్ల వెనక మూలన లీటరో, రెండు లీటర్లో మిగిలిపోతుంది. దాని మీద పుస్తకంలో రాసినంతా పోస్తే మొదటి రోజు నుంచే ఎక్కువ. అందుకే తీసిన ఆయిల్‌ను కొలిచి చూడండి. బాగా లోతున ఉన్న మూల నుంచి లాగేలా ఒక పైపు శాశ్వతంగా బిగించుకుంటే ఈ బాధ పోతుంది.

తర్వాత కొత్త ఫిల్టరు పెట్టి, కనీస మట్టానికి పుస్తకంలో ఉన్నంత ఆయిల్ కొలిచి పోయండి. ఫిల్టరు పట్టేది విడిగా కలపడం మరవకండి. రెండు నిమిషాలు ఇంజను తిప్పి ఆపి, పదిహేను నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీయండి. తడి ఆగిన చోట ఆకురాయితో సన్నని గాటు పెట్టండి. గరిష్ఠ మట్టానికి కావలసిన మిగతా ఆయిల్ పోసి రెండో గాటు పెట్టండి. పాత గీతల్ని పూర్తిగా అరగదీయించండి, లేకపోతే కొత్త కలాసీ వాటినే చూస్తాడు. ఇదే సమయంలో ఇంజను వాలు కూడా కొలవండి. హెడ్డు కవరు కింది సమతలం మీద మీటరు పొడవున్న పట్టీ పెడితే రెండు కొసల ఎత్తులో తేడా 14 సెంటీమీటర్లు వస్తే 8 డిగ్రీలు. ఎన్ని డిగ్రీల వరకు బిగించవచ్చో పుస్తకంలో ఉంటుంది; దాటితే డిప్‌స్టిక్ మార్చినా లాభం లేదు, ఇంజను కూర్చునే బెడ్డు సరిచేయాల్సిందే.

ఇవన్నీ సరిగా ఉండి కూడా ఆయిల్ తగ్గుతుంటే ఈ చోట్లు వెతకండి. ఫ్లైవీలు హౌసింగు కింద చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ కారుతుంటే వెనక ఆయిల్ సీలు పోయింది. బోటు అడుగున నీటితో కలిసి పంపులో పోతుంది కాబట్టి ఈ కారుడు ఎవరికీ కనబడదు. ఇంజను కింద శుభ్రంగా తుడిచి, రేకు పళ్లెం పెట్టి ఒక రోజు చూడండి. తర్వాత ఆయిల్ కూలరు. ఇంజను తిరిగేటప్పుడు ఆయిల్ ప్రెషర్ నీటి ప్రెషర్ కంటే ఎక్కువ, కాబట్టి పగిలిన గొట్టంలోంచి ఆయిలే నీటిలోకి పోతుంది; ఇంజను ఆగాక నీరు ఆయిల్‌లోకి రావచ్చు. ఇంజనును చల్లబరిచే మంచినీటి ట్యాంకు మూత కింద జిడ్డు చూడండి. ఇంజను చల్లబడ్డాకే మూత తీయండి.

మీది టర్బో ఇంజను కాబట్టి టర్బో నుంచి ఛాంబరుకు ఆయిల్ తిరిగి వచ్చే పైపు తప్పక చూడండి. ఆ పైపులో ప్రెషర్ ఉండదు, ఆయిల్ తన బరువుతోనే దిగాలి. ఇంజను వాలి కూర్చున్నప్పుడు పైపు పడుకున్నట్టు అడ్డంగా మారినా, మధ్యలో వంపు వచ్చినా ఆయిల్ టర్బోలో నిలిచి సీళ్లు దాటుతుంది. టర్బో నుంచి ఇంజనుకు గాలి వెళ్లే రబ్బరు గొట్టం ఊడదీసి లోపల వేలితో తుడవండి. సన్నని జిడ్డు ఉండటం సహజం, మడుగు కట్టి ఉంటే కాదు. గాలి ఫిల్టరు మూసుకుపోయినా, ఇంజను గదికి గాలి వచ్చే కిటికీలు చాలకపోయినా టర్బో ఆయిల్‌ను లోపలికి పీల్చుకుంటుంది.

రెండు వేటలు లెక్క రాయండి: గంటలు, డీజిల్, కొలపాత్రతో పోసిన ఆయిల్. డిప్‌స్టిక్ ఎప్పుడూ పొద్దున, ఇంజను తిప్పకముందు, బోటు ఒకే రకం బరువుతో ఉన్నప్పుడే చూడాలి. 250 గంటల తర్వాత కూడా 1 శాతం దాటితే ఆ కాగితంతో కంపెనీని పిలవండి. మెకానిక్ మాట అబద్ధం కాదు, రింగులు కుదరడానికి సమయం పడుతుంది. కానీ ఆ మాటతో కొలత తప్పును కప్పిపుచ్చకూడదు.

ప్రశ్న: కొత్త ఇంజనును జెట్టీ దగ్గర కట్టి మూడు రాత్రులు స్లోలో తిప్పి "సెట్" చేశాం. ఇప్పుడు వలలు లాగేటప్పుడు నీలం పొగ వస్తోంది, ఆయిల్ తగ్గుతోంది. జాగ్రత్తగా చూసుకున్నా ఇలా ఎందుకయింది? (కాకినాడ)

ఆ జాగ్రత్తే చేటు చేసింది. కొత్త డీజిలింజనును స్లోలో గంటల తరబడి తిప్పితే సెట్ కాదు, పాడవుతుంది.

లైనరు, అంటే పిస్టను ఆడే సిలిండరు లోపలి గొట్టం, దాని గోడ మీద అడ్డదిడ్డంగా సన్నని గీతలు ఉంటాయి. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది, రింగుల అంచు ఆ గరుకు మీదే అరిగి గోడకు సరిగ్గా అతుకుతుంది. రింగును గోడకు అదిమేది దాని స్ప్రింగు బలం ఒక్కటే కాదు. మంట ప్రెషర్ రింగు వెనక దూరి దాన్ని బయటికి నెడుతుంది. స్లోలో ఆ ప్రెషర్ చాలా తక్కువ. రింగు వదులుగా జారుతుంది, గోడ మీద మిగిలిన ఆయిల్ సగం కాలి వార్నిషులా అంటుకుంటుంది. గీతలు పూడిపోయి గోడ అద్దంలా మెరుస్తుంది. ఇక ఆ గోడ మీద రింగు ఎన్నాళ్లు తిరిగినా కుదరదు.

మూడు రాత్రులే కాబట్టి ఇంకా ఆశ ఉంది. ఇంజను పూర్తిగా వేడెక్కాక 70 నుంచి 80 శాతం లోడులో గంటసేపు నడిపి, పది నిమిషాలు తగ్గించి, మళ్లీ లోడు పెట్టండి. వల ఈడ్చే పని దీనికి చక్కగా సరిపోతుంది. ఇలా 20, 30 గంటలు నడిపినా పొగ తగ్గకపోతే మందులు, డబ్బాలు పోసి లాభం లేదు. హెడ్డు విప్పి లైనర్లకు హోనింగు (గోడ మీద ఆ గీతలు మళ్లీ పెట్టడం) చేయించి కొత్త రింగులు వేయాలి. విప్పే ముందు పొగ వచ్చే తీరు గమనించండి. లోడు మీద ఎడతెరిపి లేకుండా వస్తే రింగులు. చాలాసేపు స్లోలో ఉండి ఒక్కసారి యాక్సిలరేటరు పెంచినప్పుడు గుప్పున వచ్చి ఆగిపోతే వాల్వు గైడ్లు గానీ, వాటి సీళ్లు గానీ కారణం. దానికి రింగులు మార్చడం దండగ.

ఇక ముందు కొత్త ఇంజను వేసేవారికి: మొదటి 50 గంటలు లోడు మారుస్తూ నడపండి, ఒకే వేగంలో ఎక్కువసేపు వద్దు, ఫుల్ రేసు ఐదు నిమిషాలు దాటనివ్వకండి, స్లో పది నిమిషాలు దాటనివ్వకండి. ఖరీదైన సింథటిక్ ఆయిల్ ఈ దశలో వద్దు, అది రింగుల అరుగుదలను అడ్డుకుంటుంది. 50 గంటలకు ఆయిల్, ఫిల్టరు రెండూ మార్చండి. ఆ ఫిల్టరును కోసి మడతల్లో చూడండి. మెరిసే సన్నని పొడి మామూలే, గోరుకు తగిలే ముక్కలుంటే కాదు.

లైట్ల కోసం, బ్యాటరీ ఛార్జింగు కోసం రాత్రంతా పెద్ద ఇంజనును స్లోలో ఉంచే అలవాటు చాలా బోట్లలో ఉంది. కొత్తదైనా పాతదైనా ఇదే రోగం వస్తుంది. చిన్న జనరేటరు మీద పెట్టే ఖర్చు ఒక్కసారి రింగులు మార్చే ఖర్చుతో పోల్చి చూసుకోండి.

ప్రశ్న: మా ఇంజనులో ఆయిల్ తగ్గడం లేదు సరికదా, వేటవేటకూ కొంచెం పెరుగుతోంది. మంచి ఇంజను దొరికిందని సంతోషించవచ్చా? (నిజాంపట్నం)

వద్దు. ఇంజనును ఇప్పుడే ఆపండి. ఈ పేజీల్లోని ప్రశ్నలన్నిటిలో మీదే అత్యవసరం. ఆయిల్ పుట్టదు, మట్టం పెరిగిందంటే డీజిలో, నీరో కలుస్తోంది.

డిప్‌స్టిక్ కొసను వేళ్ల మధ్య రుద్దండి. పల్చగా జారుతూ డీజిల్ వాసన వస్తే ఇంధనం. న్యూస్‌పేపరు మీద ఒక చుక్క వేసి గంట ఆగితే మధ్య నల్ల మచ్చ చుట్టూ విశాలంగా జిడ్డు వలయం పాకుతుంది. ట్యాంకు నుంచి డీజిల్ లాగే, చేతిపంపు ఉండే ఫీడ్ పంపు లోపలి డయాఫ్రం (రబ్బరు పొర) చిరగడం మొదటి కారణం. ఆయిల్‌తో లూబ్రికేట్ అయ్యే డీజిల్ పంపైతే దాని సీళ్లు రెండోది. హెడ్డు కవరు లోపల ఇంజెక్టరు లీకు పైపులు ఉంటే వాటి వాషర్లు మూడోది. ఫీడ్ పంపు చవకైన వస్తువు. అనుమానం ఉంటే మార్చేయండి, రిపేరు చేయించకండి.

ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే నీరు. నాలుక కొసకు ఉప్పు తగిలిందో లేదో చూసే పాత పద్ధతి మేం చెప్పం. బదులుగా మంచినీటి ట్యాంకు మట్టం చూడండి. అది తగ్గుతుంటే కూలరో, హెడ్డు గాస్కెట్టో. తగ్గకపోతే సముద్రపు నీరు వస్తోంది. కొత్త ఇన్‌స్టలేషన్లలో దానికి ఎక్కువసార్లు దారి ఎగ్జాస్టే. నీరు కలిపి వదిలే ఎగ్జాస్టులో పైపు నీటిమట్టానికి పైన ఎత్తు తిరిగి దిగకపోతే ఇంజను ఆగినప్పుడు నీరు వెనక్కి వచ్చి వాల్వుల గుండా సిలిండర్లలో చేరుతుంది. అలాంటి ఇంజనును సెల్ఫు కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఇంజెక్టర్లు విప్పి, చేత్తో తిప్పి నీరు పోగొట్టాకే స్టార్టు చేయాలి. ఉప్పునీరు కలిసిన ఆయిల్ ఛాంబరులో ఒక్క రాత్రి కూడా ఉంచకండి. డీజిల్ కలిపిన చవక ఆయిల్‌తో ఒకసారి కడిగి తీసి, కొత్తది పోసి, కాసేపు తిప్పి మళ్లీ మార్చాలి. మూడో నింపుడు తేటగా ఉంటేనే నమ్మండి.

ప్రశ్న: ఇంజను వేడెక్కకుండా మెకానిక్ థర్మోస్టాట్ తీసేశాడు. ఆయిల్ వాడకానికీ దానికీ సంబంధం ఉందా? (మచిలీపట్నం)

ఉంది. నీటి వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకపోతే ఇంజనును చల్లబరిచే నీరు 80 డిగ్రీల దాకా రావాల్సింది 50, 55 దగ్గరే నిలుస్తుంది. పిస్టను సరిగా వ్యాకోచించదు, లైనరుకూ దానికీ సందు ఎక్కువ ఉంటుంది, రింగులు గోడ మీది ఆయిల్‌ను గీకలేవు. మంటలో పుట్టే తేమ ఆవిరై పోకుండా ఆయిల్‌లో కలిసి బురద కడుతుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తీస్తే నీరు కూలరుకు వెళ్లకుండా అడ్డదారి పట్టి వేడి తగ్గకపోగా పెరుగుతుంది కూడా. ఇంజను నిజంగానే వేడెక్కుతుంటే సముద్రపు నీటి పంపు రబ్బరు చక్రం, నీటి జాలీ, కూలరు గొట్టాల్లో పేరుకున్న గుల్లలు చూడండి. థర్మోస్టాట్‌ను తిరిగి బిగించండి.

ప్రశ్న: ఫైబరు తెప్పకు గాలితో చల్లబడే ఒంటి సిలిండర్ లాంగ్‌టెయిల్ ఇంజను (తోకలా పొడవాటి షాఫ్టు కొసన ప్రొపెల్లరు ఉండేది) కొత్తది కొన్నాం. ఛాంబరు పట్టేది లీటరున్నర లోపే, రెండు రోజులకోసారి పావు లీటరు పోస్తున్నాం. ఒడ్డుకు వచ్చినప్పుడల్లా గాలి ఫిల్టరులో ఆయిల్ ఉంటోంది. (ఉప్పాడ)

ఫిల్టరులో ఆయిల్ ఉందన్న మాటే జవాబు చెబుతోంది. ఒడ్డుకు లాగేటప్పుడు తోకను పైకెత్తితే ఇంజను ఎదురు వైపుకు ఒరుగుతుంది. ఆయిల్ బ్రీదర్ నోటి దాకా వచ్చి అక్కడి నుంచి గాలి ఫిల్టరులోకి పోతుంది. ఇసుక మీద పక్కకు పడుకోబెట్టినా ఇదే. పై గీత దాకా నింపకండి. మామూలు నడకలో ఉండే వాలుకే పెట్టి డిప్‌స్టిక్ చూసి, రెండు గీతల నడుమ ఉంచితే చాలు. తోక ఎత్తే ముందు ఇంజను ఆపండి.

ఇది పొదుపు సంగతి మాత్రమే కాదు. ఫిల్టరులో నిలిచిన ఆయిల్‌ను డీజిలింజను ఇంధనంగా తాగేస్తుంది. అప్పుడు యాక్సిలరేటరు తగ్గించినా, డీజిల్ కాక్ కట్టేసినా ఇంజను ఆగదు, వేగం పెరుగుతూనే ఉంటుంది. గాలి అందకుండా చేయడం ఒక్కటే దాన్ని ఆపే దారి: గాలి నోటిని చెక్కతోనో, మడిచిన తడి గోనెతోనో గట్టిగా మూయాలి. అరచెయ్యి పెట్టవద్దు. సరిపడే చెక్క బిళ్ల ఒకటి ఇంజను పక్కనే కట్టి ఉంచండి. ఫిల్టరు, దాని గొట్టం డీజిల్‌తో కడిగి ఆరబెట్టాకే మళ్లీ స్టార్టు చేయండి.

ప్రశ్న: హార్స్‌పవర్ పెంచి కొత్త ఇంజను వేశాం, ఫ్యాను (ప్రొపెల్లరు) మాత్రం పాతదే. ఏ ఆయిల్ పోస్తే వాడకం తగ్గుతుంది? (నెల్లూరు జిల్లా)

ఆయిల్ మార్చి ఈ సమస్య తీర్చలేరు. పుస్తకంలో చెప్పిన గ్రేడే పోయండి. మన తీరం వేడికి ఎక్కువ ఇంజన్లకు 15డబ్ల్యు-40 చాలు. డబ్బా మీద పుస్తకం అడిగిన డీజిల్ ఇంజన్ల నాణ్యత గుర్తు (సిహెచ్-4, సిఐ-4 లాంటిది) ఉండాలి. చిక్కని ఆయిల్ పోస్తే నెల రోజులు తగ్గినట్టు కనిపిస్తుంది, పొద్దున స్టార్టింగులో బేరింగులకు ఆలస్యంగా చేరుతుంది.

ఫ్యాను పరీక్ష చేయండి. నిండు బరువుతో, వల లేకుండా, నేరుగా వెళుతూ ఫుల్ రేసు ఇచ్చి ఆర్‌పీఎం చూడండి. ప్లేటు మీద రాసిన ఆర్‌పీఎం రావాలి, రెండు మూడు శాతం ఎక్కువ వచ్చినా మంచిదే. 2,000 రావాల్సినచోట 1,750 దగ్గరే నల్లపొగతో మూలుగుతుంటే ఆ ఫ్యాను ఈ ఇంజనుకూ, గేరు నిష్పత్తికీ బరువు. మసి రింగులు కూర్చునే గాడుల్లో గట్టిపడి రింగులు కదలకుండా పోతాయి. ఆయిల్ వాడకం ఆరు నెలల్లో తెలుస్తుంది. ఫ్యాను పిచ్ (రెక్కల వాలు) తగ్గించాలి. అలా కాక, ఇంజను తేలిగ్గా గవర్నరు (వేగం దాటకుండా ఆపేది) హద్దు దాకా పరుగెత్తి అక్కడ ఆగితే ఫ్యాను చాలడం లేదు, ఇంజను లోడు లేకుండా తిరుగుతోంది. కాకినాడ పాఠకుడికి చెప్పిన అద్దం రోగం దీనికీ వస్తుంది. గేరు నిష్పత్తి, షాఫ్టు వ్యాసం, ఇప్పుడున్న ఫ్యాను వ్యాసం, పిచ్ రాసుకుని ఫ్యాన్లు పోసేవారి దగ్గరికి వెళ్లండి. పాత ఫ్యాను బాస్ (నడిమి దిమ్మ) మీద ఆ అంకెలు కొట్టి ఉంటాయి, గుల్లలు గీకితే కనబడతాయి.